థాయి కేంగ్: పిండిపదార్థం తగ్గించి వండే విధం

తెలుగు ఇళ్ళలో కొబ్బరిపాలు పోసి కూర వండే ఇల్లాలు పొయ్యి దగ్గర ఒక జాగ్రత్త తీసుకొంటుంది. పాలు పోసిన తరువాత మంట తగ్గించి, గరిటెతో మెల్లగా కలుపుతూ, తెర్లనీయకుండా దింపుతుంది. ఎక్కువగా మరిగితే పాలు విరిగి నూనె పైకి తేలుతుందని ఆమె భయం. థాయిలాండు ఇల్లాలు సరిగ్గా ఇందుకు విరుద్ధంగా చేస్తుంది. చిక్కని మొదటి పాలను మూకుడులో పోసి, అవి విరిగి, పక్కలనుండి నూనె బొట్లు బొట్లుగా ఊరేవరకు మరిగిస్తుంది. ఆ నూనె కనిపించిన తరువాతనే నూరిన కారపు ముద్దను అందులో వేస్తుంది. థాయి భాషలో దీనిని ‘తేక్ మన్’ అంటారు. నూనె పగులుట అని దాని అర్థం. ఒకరు తప్పుగా భావించేది మరొకరికి వంటలో మొదటి మెట్టు అయినది.

ఇందులోని విజ్ఞానం తెలుసుకొనదగినది. కొబ్బరిపాలు ఒక ఎమల్షన్. అనగా, కలవని రెండు ద్రవాలలో ఒకటి కంటికి కనబడని సూక్ష్మ బిందువులుగా మారి రెండవదానిలో వ్యాపించి ఉండడం. ఇక్కడ నీటిలో కొబ్బరినూనె బిందువులు తేలుతున్నాయి. నూనె బిందువులు ఒకదానితో ఒకటి కలిసిపోకుండా కాపాడేవి కొబ్బరిలోని మాంసకృత్తులు. ఇవి ప్రతి బిందువు చుట్టూ పలుచని పొరగా ఏర్పడతాయి. పాలను వేడి చేసినప్పుడు, ఉష్ణోగ్రత దాదాపు 80 డిగ్రీల సెంటీగ్రేడును చేరేసరికి, కోడిగ్రుడ్డు తెల్లసొన గడ్డకట్టినట్లే ఈ మాంసకృత్తులు కూడా తమ సహజరూపాన్ని కోల్పోయి గడ్డకడతాయి. పొర చెదిరిన బిందువులు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవవుతాయి. ఈలోగా నీరు ఆవిరై పోతుంది గనుక బిందువుల మధ్య దూరం కూడా తగ్గుతుంది. చివరకు నూనె వేరుగా, గడ్డకట్టిన తెల్లని పలుకులు వేరుగా కనబడతాయి.

నూనె వేరుపడడం వలన లాభమేమిటి? కారపు ముద్దలోని వాసన ద్రవ్యాలలో చాలాభాగం నీటిలో కరగవు, నూనెలో కరుగుతాయి. నిమ్మగడ్డికి వాసన నిచ్చే సిట్రాల్, మిరపకు కారాన్నిచ్చే కాప్సైసిన్ ఇటువంటివే. పైగా నీరున్నంతసేపు మూకుడు వేడి 100 డిగ్రీలను దాటదు. నీరు పోయి నూనె మిగిలినప్పుడే ఉష్ణోగ్రత అంతకు మించి, ఉల్లి, వెల్లుల్లి పచ్చివాసన పోయి కమ్మగా వేగుతాయి. తెలుగువారు పోపును నూనెలో వేయడానికి కారణం కూడా ఇదే. థాయి వంటలో పోపునూనె కొబ్బరిపాలలోనుండే పుడుతుంది, అంతే తేడా.

అంగడిలో డబ్బాలలో, అట్టపెట్టెలలో దొరికే కొబ్బరిపాలతో ఈ పని తరచు కుదరదు. ఎంతసేపు మరిగించినా అవి చిక్కబడతాయే గాని విరగవు. నిలువ ఉన్నప్పుడు నూనె వేరుపడకుండా తయారుచేసేవారు వాటిలో గోరుచిక్కుడు గింజల జిగురు మొదలైన పదార్థాలను కలుపుతారు. వంటవాని నేర్పు ఇందులో తక్కువేమీ లేదు, పాలే అటువంటివి. అప్పుడు ఒక చెంచా కొబ్బరినూనెను విడిగా వేసి ముద్దను వేయించుకొనవచ్చును. కొబ్బరికాయ దొరికే చోట కాయను కోరి, గోరువెచ్చని నీటితో పిండుకోవడం అన్నిటికంటె మేలు.

కేంగ్ అంటే ఏమిటి?

థాయి భాషలో ‘కేంగ్’ అనే మాటను ఆంగ్లేయులు ‘కర్రీ’ అని అనువదించడం వలన కొంత గందరగోళం ఏర్పడినది. కేంగ్ తెలుగువారి వేపుడు కూర వంటిది కాదు. కూరకూ పులుసుకూ నడుమ ఉండే పలుచని వంటకం. అన్ని కేంగ్‌లలోను కొబ్బరిపాలు ఉండవు. ‘కేంగ్ సోమ్’ పుల్లనిది, పాలు లేనిది. ‘కేంగ్ పా’ అంటే అడవి కేంగ్. కొబ్బరిచెట్లు లేని అడవిసీమల వంట గనుక అందులోను పాలుండవు. విదేశాలలో ప్రసిద్ధికెక్కినది మాత్రం ‘కేంగ్ ఖియావ్ వాన్’, అంటే పచ్చని కేంగ్. ‘ఖియావ్’ అంటే ఆకుపచ్చ, ‘వాన్’ అంటే తీపి. పేరులో తీపి ఉన్నదని కొందరు వంటలో చక్కెరను ధారాళంగా గుమ్మరిస్తారు. కాని ఆ మాట రంగుకు విశేషణమని, కంటికి ఇంపైన లేత ఆకుపచ్చ అనే అర్థంలో వాడినదని చెబుతారు. పిండిపదార్థాలు తగ్గించాలనుకొనేవారికి ఈ వివరణ కలిసివచ్చేదే.

ఇంత కారంగా ఉండే ఈ వంటకు ప్రాణమైన మిరపకాయ థాయిలాండుది కాదు. అది అమెరికా ఖండపు మొక్క. 1511లో పోర్చుగీసు దూత ఆనాటి థాయి రాజధాని అయుధ్యలో అడుగుపెట్టాడు. ఆ తరువాతి కాలంలో పోర్చుగీసు వర్తకుల మూలంగా మిరప ఆ ప్రాంతాలకు వ్యాపించింది. అంతకు పూర్వం కారానికి మిరియాలు వాడేవారు. ఇందుకు సాక్ష్యం భాషలోనే మిగిలి ఉన్నది. మిరపకాయను థాయిలు ‘ఫ్రిక్’ అంటారు, మిరియాన్ని ‘ఫ్రిక్ థాయి’ అంటారు. కొత్తది వచ్చి పాతదాని పేరు లాగేసుకోగా, పాతది ‘దేశవాళీ’ అనే గుర్తు తగిలించుకొన్నది. తెలుగులో కథ తలక్రిందులుగా జరిగినది. మిరియం తన పేరు తాను నిలుపుకొన్నది, కొత్తగా వచ్చిన కాయయే మిరియాన్ని తలపించే పేరు తెచ్చుకొన్నది.

కారం నిజానికి రుచి కాదు. నాలుక మీద వేడిని తెలిపే నాడీగ్రాహకం ఒకటి ఉన్నది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడి తగిలితే అది మెదడుకు ‘కాలుతున్నది’ అని వార్త పంపుతుంది. కాప్సైసిన్ అణువు అదే గ్రాహకానికి అతుక్కొని, వేడి లేకుండానే అదే వార్తను పంపిస్తుంది. ఈ గ్రాహకాన్ని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనుగొన్నది. ఆయనకు 2021లో ఆర్డెం పటాపూటియన్‌తోపాటు నోబెల్ బహుమానం లభించింది. కారం ఎక్కువైనప్పుడు మంచినీళ్ళు త్రాగితే మంట తగ్గకపోవడం అందరికీ అనుభవమే. కాప్సైసిన్ నీటిలో కరగదు. పెరుగు, మజ్జిగ మేలు చేస్తాయి.

ముద్ద నూరుట

నలుగురికి సరిపడే ముద్దకు పచ్చిమిరపకాయలు 30 గ్రాములు, చిన్న ఉల్లిపాయలు 40 గ్రాములు, వెల్లుల్లి 15 గ్రాములు, నిమ్మగడ్డి మొదళ్ళు 30 గ్రాములు, ‘ఖా’ అనే దుంప 15 గ్రాములు, కొత్తిమీర వేళ్ళు నాలుగైదు, వేయించిన ధనియాలు ఒక చెంచా, జీలకర్ర, తెల్లమిరియాలు అరచెంచా చొప్పున కావాలి. వీటితోపాటు ‘మక్రూత్’ అనే ఒక రకపు నిమ్మకాయ తొక్క, ఉప్పుతో ఊరబెట్టి ఎండబెట్టిన చిన్న రొయ్యల ముద్ద వేస్తారు.

ఈ పేర్లు విని బెదరవలసిన పని లేదు. నిమ్మగడ్డి తెలుగుదేశంలో పెరటి మొక్క. ‘ఖా’ అల్లం కుటుంబానికి చెందిన దుంప. దీనిని ఆయుర్వేద మూలికల అంగళ్ళలో దుంపరాష్ట్రమనే పేరుతో అమ్ముతారు. కాని అక్కడ దొరికేది ఎండినది, ముద్దకు పచ్చిది కావాలి. లేనప్పుడు అల్లం వాడవచ్చును గాని వాసన వేరు, అల్లం పాలు సగానికి తగ్గించాలి. మక్రూత్ ఆకుకు బదులు లేత దబ్బాకు వేసుకొనవచ్చును. మజ్జిగలో దబ్బాకు నలిపి వేసే ఇళ్ళవారికి దాని సువాసన పరిచయమే. కొత్తిమీర వేళ్ళను తెలుగువారు కోసి పారవేస్తారు. థాయి వంటలో ఆకుకంటె వేరుకే విలువ ఎక్కువ. వేళ్ళను మట్టి పోయేవరకు కడిగితే చాలు.

ముద్దను రాతి రోటిలో దంచడం సంప్రదాయం. రోకలి కణాలను చితక్కొట్టి లోపలి తైలాలను బయటకు తెస్తుంది. మిక్సీ బ్లేడు కణజాలాన్ని ముక్కలుగా కోస్తుంది, అది తిరగడానికి నీళ్ళు కూడా పోయవలసి వస్తుంది. ఆ నీరు తరువాత మూకుడులో ఆవిరి కావాలి. అంతవరకు ముద్ద వేగదు, ఉడుకుతుంది. మిక్సీ వాడక తప్పనప్పుడు నీటికి బదులు రెండు చెంచాల చిక్కని కొబ్బరిపాలు పోస్తే ఈ చిక్కు తీరుతుంది. దంచేటప్పుడు గట్టివి ముందు, మెత్తనివి తరువాత వేయవలెను. ముందు ధనియాలు, జీలకర్ర, మిరియాలు. వాటి తరువాత నారగల నిమ్మగడ్డి, దుంప. చివరకు ఉల్లి, వెల్లుల్లి. ఉల్లి ముందే వేస్తే రోలు జారుడై నిమ్మగడ్డి నలగదు.

అన్నం లెక్క

కేంగ్‌ను థాయిలాండులో అన్నంతోనే తింటారు. అసలు చిక్కు ఇక్కడ ఉన్నది. పిండిపదార్థం తగ్గించే వంట అనగానే చాలామంది కూరను అనుమానిస్తారు. లెక్క వేసి చూస్తే కూర నిరపరాధి అని తేలుతుంది.

ఆరోగ్యవంతుడైన పెద్దవానిలో పరగడుపున 100 మిల్లీలీటర్ల రక్తంలో ఉండే గ్లూకోజు దాదాపు 90 మిల్లీగ్రాములు. ఒంట్లో రక్తం ఇంచుమించు 5 లీటర్లు. అంటే ఏ క్షణాన చూచినా రక్తం మొత్తంలో తిరుగుతున్న గ్లూకోజు నాలుగున్నర గ్రాములు, ఒక చిన్న చెంచాడు మాత్రమే. ఇప్పుడు అన్నం సంగతి చూడవలెను. వండిన తెల్లని అన్నం 100 గ్రాములలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. ఒక పూట 250 గ్రాముల అన్నం తింటే 70 గ్రాముల పిండిపదార్థం లోనికి పోతుంది. రెండు మూడు గంటలలో ఇదంతా గ్లూకోజుగా మారి, రక్తంలో ఉన్నదానికి పదిహేను రెట్లు అందులోకి ప్రవహిస్తుంది. క్లోమంలోని కణాలు వెంటనే ఇన్సులిన్‌ను విడుదల చేస్తాయి. దాని ప్రేరణతో కండరాలు, కాలేయం గ్లూకోజును తీసుకొని దాచుకొంటాయి గనుక రక్తంలో మట్టం మితి మీరదు. రెండవ రకం మధుమేహంలో కణాలు ఇన్సులిన్ మాట సరిగా వినవు. కొంతకాలానికి క్లోమం కూడా అలసిపోతుంది. అప్పుడు పదిహేను చెంచాల వరద రక్తంలోనే నిలిచి, కళ్ళను, మూత్రపిండాలను, నాడులను ఏళ్ళ తరబడి దెబ్బతీస్తుంది. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి వారి సర్వే ప్రకారం ఈ దేశంలో మధుమేహులు 10 కోట్లకు పైగా ఉన్నారు. కాబట్టి ఈ లెక్క ఒకరిద్దరికి సంబంధించినది కాదు.

అన్నాలన్నీ ఒక్క తీరుగా జీర్ణం కావు. బియ్యపు పిండిలో రెండు రకాల అణువులున్నాయి. అమైలోజు పొడవైన గొలుసు. అమైలోపెక్టిన్ కొమ్మలు కొమ్మలుగా చీలిన చెట్టు. కొమ్మలు ఎక్కువైతే కొసలు ఎక్కువ. ఎంజైములు ఒకేసారి అనేక చోట్ల పట్టుకొని త్వరగా విడగొడతాయి. అమైలోజు గొలుసులు దగ్గరదగ్గరగా పేర్చుకొని ఉంటాయి గనుక కొంత ఆలస్యంగా జీర్ణమవుతాయి. థాయిలాండు పేరు మోసిన మల్లె బియ్యం, ‘ఖావ్ హోమ్ మలి’లో అమైలోజు తక్కువ. అందుకే ఆ అన్నం మెత్తగా, కాస్త అంటుకొనేట్లు ఉంటుంది. త్వరగా గ్లూకోజుగా మారుతుంది. 1959లో ప్రభుత్వం విడుదల చేసిన ‘ఖావ్ డోక్ మలి 105’ ఈ జాతిలో ప్రఖ్యాతమైనది. ఈశాన్య థాయిలాండులో తినే జిగురు బియ్యంలో అమైలోజు దాదాపు లేనే లేదు. కేంగ్‌కు జోడుగా ఈ బియ్యాలు రుచికి తిరుగులేనివి, మధుమేహికి మాత్రం కష్టమైనవి.

ఇక కూర లెక్క. ఇంట పిండిన చిక్కని కొబ్బరిపాలు 400 గ్రాములలో పిండిపదార్థం సుమారు 22 గ్రాములు. పైన చెప్పిన ముద్ద మొత్తంలో 20 గ్రాములకు మించదు. అందులో ఎక్కువ భాగం ఉల్లి, వెల్లుల్లిదే. గుండ్రని పచ్చవంకాయలు 250 గ్రాములు వేస్తే, జీర్ణం కాని పీచును మినహాయించి 7 గ్రాములు. కోడిమాంసం అరకిలోలో పిండిపదార్థం లేదు. మొత్తం 49 గ్రాములు. నలుగురు పంచుకొంటే మనిషికి 12 గ్రాములు. వాడుక ప్రకారం ఒక పెద్ద చెంచా తాటిబెల్లం వేస్తే మరో 12 గ్రాములు చేరి మనిషికి 15 అవుతుంది. బెల్లం మానివేసినా కొబ్బరిపాల సహజమైన తీపి సరిపోతుంది. పళ్ళెంలో 250 గ్రాముల అన్నం పెట్టుకొంటే మాత్రం అంకె ఒక్కసారిగా 80 దాటుతుంది. బంగాళాదుంప వేసే ‘మస్సమన్’ కేంగ్, గుమ్మడికాయ వేసే కేంగ్‌లకు ఈ లెక్క వర్తించదు. కూర చిక్కబడడానికి మొక్కజొన్న పిండి కలిపే హోటళ్ళ వంటకు అసలే వర్తించదు.

అన్నానికి బదులు ఎక్కువమంది వాడేది కాలీఫ్లవరు కోరు. 200 గ్రాములలో పీచు పోగా పిండిపదార్థం 6 గ్రాములే. పువ్వును కడిగి, తడి పూర్తిగా ఆరనిచ్చి, కోరాముతో బియ్యపు గింజ ప్రమాణంలో కోరుకోవాలి. దీనిని నీళ్ళలో ఉడికించరాదు. పొడి మూకుడులో నాలుగైదు నిమిషాలు మూత లేకుండా కలిపితే లోపలి నీరు ఆవిరై పొడిపొడిగా అవుతుంది. మూత పెడితే గంధకపు వాసన లోపలే నిలిచిపోతుంది. ఇది అన్నంలా ఉంటుందని చెప్పేవారి మాట నమ్మనక్కరలేదు. అన్నంలా ఉండదు. పులుసును పీల్చుకొనే గుణం మాత్రం ఉన్నది, కేంగ్‌కు కావలసినది అదే.

వండే క్రమం

రెండు కొబ్బరికాయల కోరును వెచ్చని నీటితో పిండి, మొదటి పాలు 150 మిల్లీలీటర్లు విడిగా తీసి ఉంచవలెను. అదే పిప్పిలో మళ్ళీ నీరు పోసి రెండవ పాలు 250 మిల్లీలీటర్లు తీయవలెను. థాయిలో మొదటి పాలకు ‘హువా’ అంటే తల అని, రెండవ పాలకు ‘హాంగ్’ అంటే తోక అని పేర్లు. తలపాలను మధ్యరకపు మంట మీద నూనె ఊరేవరకు కాచి, ముద్ద వేసి, ఘాటు ముక్కుకు తగ్గి కమ్మని వాసన వచ్చేవరకు నాలుగైదు నిమిషాలు వేయించాలి. ముక్కలు చేసిన మాంసాన్ని అందులో త్రిప్పి, తోకపాలు పోసి, సన్నని మంట మీద ఉడకనివ్వాలి. మాంసం దాదాపు ఉడికిన తరువాత వంకాయ ముక్కలు వేసి మరి ఏడెనిమిది నిమిషాలు ఉంచాలి. చితికాయలంత ఉండే మరో వంకాయ జాతిని కూడా థాయిలు గుత్తులుగా వేస్తారు. అవి తెలుగువారి ఉస్తికాయలను పోలినవే, ఆ చిరుచేదు కొబ్బరి జిడ్డును విరుస్తుంది. దింపే ముందు దబ్బాకు చీలికలు, రుద్రజడ జాతికి చెందిన ‘హోరఫా’ ఆకులు వేయాలి. మాంసం తిననివారు సోయా పన్నీరు, పుట్టగొడుగులు వేసుకొనవచ్చును. రెండింటిలోను పిండిపదార్థం తక్కువ.

పచ్చని కేంగ్ పచ్చగా మిగలడం అరుదు. ఆకులకు పచ్చదనమిచ్చే పత్రహరితంలో నడుమ ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. ఎక్కువసేపు వేడి తగిలితే, అందులోను ఆమ్లం ఉంటే, మెగ్నీషియం ఊడిపోయి దాని స్థానంలో హైడ్రోజన్ చేరుతుంది. రంగు పచ్చ పోయి బురద వన్నెకు మారుతుంది. గోంగూర ఉడికినప్పుడు నల్లబడడం ఇందువల్లనే. అందుచేత ముద్దలో గుప్పెడు పచ్చి ఆకు నూరి, వంట చివర కలిపేవారు కొందరున్నారు. నిమ్మరసం పిండదలిస్తే పళ్ళెంలో పిండుకోవడం మంచిది.

ఉప్పుకు బదులు థాయిలు ‘నాం ప్లా’ అనే చేపరసం వాడతారు. చిన్న చేపలను ఉప్పుతో కలిపి నెలల తరబడి పులియబెట్టగా ఊరిన ద్రవమిది. చేపలోని మాంసకృత్తులు విడిపోయి గ్లుటామికామ్లం ఏర్పడుతుంది. 1908లో జపాను శాస్త్రజ్ఞుడు కికునే ఇకెడా సముద్రపు నాచు రసంనుండి వేరుచేసి, ఐదవ రుచిగా ‘ఉమామి’ అని పేరు పెట్టినది దీని రుచికే. చేపరసంలో పిండిపదార్థం అతి స్వల్పం. అంతమాత్రాన అది నిరపాయకరం కాదు. ఒక పెద్ద చెంచాలో సుమారు 1400 మిల్లీగ్రాముల సోడియం ఉన్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ విధించిన పరిమితి 2000. రక్తపు పోటు గలవారు నలుగురి కూరకు ఒక చెంచాతో సరిపెట్టుకొని, వేరే ఉప్పు వేయకుండుట మంచిది. రొయ్యల ముద్దలో ఎటూ ఉప్పున్నది.

క్రొవ్వు మాట

పిండిపదార్థం తగ్గించినవారు మరచిపోయే సంగతి ఒకటి ఉన్నది. కొబ్బరిపాల శక్తి దాదాపు అంతా క్రొవ్వునుండి వచ్చేదే. అదీ ఎక్కువగా సంతృప్త క్రొవ్వు. చిక్కని పాలు 100 గ్రాములలో అది 21 గ్రాములు. నలుగురి కూరకు 400 గ్రాములూ చిక్కని పాలే పోస్తే మనిషికి 21 గ్రాములు వస్తుంది. రోజుకు 2000 కేలరీలు తినేవారు సంతృప్త క్రొవ్వు 22 గ్రాములు దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక్క పూటలోనే ఆ వాటా తీరిపోతుంది. కొబ్బరి నూనె గుండెకు మంచిదని ప్రచారం ఎంత జరిగినా, దానిని ఇతర వంటనూనెలతో పోల్చిన ప్రయోగాలను 2020లో సమీక్షించగా, 100 మిల్లీలీటర్ల రక్తంలో చెడు కొలెస్టరాలును అది సుమారు 10 మిల్లీగ్రాములు పెంచుతున్నదని తేలింది. పైన చెప్పినట్లు తలపాలు 150 మిల్లీలీటర్లకు పరిమితం చేస్తే వాటినుండి వచ్చేది మనిషికి 8 గ్రాములే. పలుచని తోకపాలనుండి మరి కొంత చేరుతుంది. వారానికి రెండు మూడు సార్లు కేంగ్ వండుకొనదలచినవారు కేంగ్ పా వైపు చూడవచ్చును. ముద్ద ఇంచుమించు అటువంటిదే, పాలకు బదులు నీరో మాంసరసమో.

మధుమేహానికి పిండిపదార్థం తగ్గించడమనేది కొత్త ఊహ కాదు. 1921లో టొరాంటోలో బాంటింగ్, బెస్ట్‌లు ఇన్సులిన్ కనుగొనే వరకు వైద్యుల చేతిలో ఉన్న సాధనం పథ్యం ఒక్కటే. అమెరికా మధుమేహ సంఘం 2019లో వెలువరించిన నివేదికలో, రక్తంలో గ్లూకోజును అదుపు చేయడానికి పిండిపదార్థం తగ్గించడానికే ఎక్కువ నిదర్శనాలున్నాయని ఒప్పుకొన్నది. అయితే 23 ప్రయోగాలను కలిపి 2021లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన సమీక్ష మరొక సంగతి కూడా చెబుతున్నది. ఆరు నెలలలో కనబడిన మేలు ఏడాది తిరిగేసరికి చాలావరకు తగ్గినది. పథ్యం నిలుపుకోవడం అంత సులభం కాదు మరి.

మాత్రలు వాడేవారి విషయం వేరు. గ్లిబెన్‌క్లమైడు, గ్లిమెపిరైడు వంటి మాత్రలు, ఇన్సులిన్ సూదిమందు, తిన్న అన్నాన్ని దృష్టిలో పెట్టుకొని నిర్ణయించిన మోతాదులలో పనిచేస్తాయి. మందు పాత మోతాదులోనే వేసుకొని, పళ్ళెంలో అన్నం తీసివేసి కాలీఫ్లవరు పెట్టుకొంటే, రక్తంలో గ్లూకోజు 70 మిల్లీగ్రాముల కంటె దిగజారవచ్చును. వణుకు, చెమట, గుండెదడ, మాట తడబడుట దాని గుర్తులు. అటువంటప్పుడు వెంటనే మూడు చెంచాల గ్లూకోజో చక్కెరో ఇవ్వాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మాత్రలు వాడేవారు పిండిపదార్థాన్ని బాగా తగ్గిస్తే రక్తంలో కీటోనులు ప్రమాదకరంగా పెరిగే అవకాశముంది. కాబట్టి ఇంట్లో తల్లిదండ్రులకు ఇటువంటి పథ్యం పెట్టదలచినవారు ముందు వైద్యునితో మాట్లాడి మందు మోతాదు సరిచేయించుకోవలెను, పొయ్యి తరువాత వెలిగించుకోవచ్చు.

తరగతి గదిలో

ఈ సంగతులలో కొన్నింటిని పాఠశాల ప్రయోగశాలలోనే చూపవచ్చును. వండిన మామూలు అన్నం, జిగురు బియ్యపు అన్నం దొరికితే అది, కాలీఫ్లవరు కోరు, ఈ మూడింటిని మూడు పింగాణీ పళ్ళేలలో పెట్టి ఒక్కొక్క చుక్క పలుచని అయోడిన్ ద్రావణం వేయాలి. మామూలు అన్నం ముదురు నీలమవుతుంది. అయోడిన్ అమైలోజు మెలికల నడుమ దూరినప్పుడే నీలిరంగు వస్తుంది. జిగురు అన్నంలో ఆ గొలుసులు లేనందున అది ఎర్రని గోధుమవన్నెకు తిరుగుతుంది. కాలీఫ్లవరు దాదాపు అయోడిన్ రంగులోనే ఉండిపోతుంది. పరీక్ష చేసినదేదీ నోట పెట్టరాదని విద్యార్థులకు ముందే చెప్పాలి.

మరొక పరీక్షనాళికలో పలుచని గంజి తీసుకొని, కొద్దిగా లాలాజలం కలిపి, 37 డిగ్రీల వెచ్చని నీటిలో ఉంచితే, కొన్ని నిమిషాల తరువాత అయోడిన్‌కు నీలం రాదు. పిండి అప్పటికే చిన్న ముక్కలయింది. అన్నాన్ని బాగా నమిలితే తియ్యగా అనిపించేది ఇందుకే.

కూరలో బెల్లం వేసినదీ లేనిదీ అయోడిన్ చెప్పలేదు. బెనెడిక్ట్ ద్రావణంతో కాచినా వెంటనే తెలియదు, ఎందుకంటే బెల్లంలో అధికభాగం సుక్రోజు. దానికి ఆ ద్రావణాన్ని ఎర్రబరచే గుణం లేదు. నీటిలో కరిగించిన బెల్లాన్ని రెండు చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లంతో కాచి, చల్లార్చి, వంటసోడాతో ఆమ్లాన్ని విరిచి, ఆ తరువాత బెనెడిక్ట్ ద్రావణం కలిపి మళ్ళీ కాస్తే ఇటుకవన్నె అవక్షేపం చక్కగా దిగుతుంది. ఆమ్లం సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీల్చినది. చిన్నప్రేవు గోడలలోని సుక్రేజు అనే ఎంజైము మంట లేకుండా, ఆమ్లం లేకుండా, 37 డిగ్రీల వద్ద ఇదే పని చేస్తుంది.